ఆంగ్లంలో ఆహారం ఆర్డర్ చేసేటప్పుడు ‘ఎ’, ‘ది’, ‘కప్ ఆఫ్’: ఎక్కడ ఏది వాడాలి?

సందేహి

అందరికీ నమస్కారం. ఆంగ్లం చదవడంలో, రాయడంలో నాకు పెద్ద ఇబ్బంది లేదు. రెస్టారెంట్‌లో ఆర్డర్ చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం వస్తువు పేరు ముందు ఏ మాట పెట్టాలో తేల్చుకోలేక, అన్నిటికీ ‘వన్’ తగిలించి ‘వన్ కాఫీ, వన్ సూప్, వన్ బ్రెడ్’ అని ముగించేస్తున్నాను. తెచ్చేవాళ్లు తెస్తూనే ఉన్నారు కాబట్టి పని ఆగలేదు, సందేహమూ తీరలేదు.

కాఫీ, టీ, నీళ్లు లెక్కించలేని నామవాచకాలని, వాటి ముందు ‘ఎ’ రాదని, వాటికి బహువచనం ఉండదని బడిలో చెప్పారు. ఆంగ్లం మాతృభాషగా ఉన్నవాళ్లు మాత్రం ‘టూ కాఫీస్, ప్లీజ్’ అని నిస్సంకోచంగా అంటారు. అదే మనుషులు ‘టూ బ్రెడ్స్’ అనరు. ఇక సూప్ సంగతి చూస్తే ‘ఎ సూప్’, ‘ది సూప్’, ‘సమ్ సూప్’, ‘ఎ బౌల్ ఆఫ్ సూప్’ అని నాలుగు రకాలుగానూ వింటున్నాను. ఈ నాలుగింటికీ తేడా ఉందా, లేక నోటికి ఏది వస్తే అది అనవచ్చునా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాతపలక

సందేహి గారూ, మీకు బడిలో చెప్పింది సరైనదే. ద్రవాలు, పిండి పదార్థాలు, ధాన్యాలు లెక్కకు లొంగవు కనుక వాటిని పాత్రతోనో ముక్కతోనో కొలిచి చెప్పాలి. ‘ఎ కప్ ఆఫ్ కాఫీ’, ‘ఎ గ్లాస్ ఆఫ్ వాటర్’, ‘ఎ స్లైస్ ఆఫ్ బ్రెడ్’, ‘ఎ బౌల్ ఆఫ్ సూప్’ అని అలవాటు చేసుకుంటే ఎక్కడా తలదించుకోవలసిన పని ఉండదు. ‘ఎ కాఫీ’ అనేది వ్యవహారంలో స్థిరపడిన సడలింపు. జనం అంటున్నారు కదా అని దాన్ని నియమంగా నేర్పడం మంచిది కాదని నా అభిప్రాయం.

తేటనుడి

పాతపలక గారితో సగం వరకే ఏకీభవిస్తాను. ‘ఎ కప్ ఆఫ్ కాఫీ’ ఎక్కడైనా చెల్లుతుంది, అందులో సందేహం లేదు. అయితే ‘ఎ కాఫీ’ సడలింపు కాదు. దాని వెనుక స్పష్టమైన పద్ధతి ఒకటి ఉంది, మంచి నిఘంటువులన్నీ ‘కాఫీ’ అనే మాటకు లెక్కించలేని అర్థంతో పాటు లెక్కించదగిన అర్థాన్ని కూడా వేరుగా ఇస్తాయి.

ఒకే పేరును ఆంగ్లం రెండు దృష్టులతో చూస్తుంది. కాఫీని పదార్థంగా చూసినప్పుడు దానికి అంచులు లేవు, కనుక ‘ఎ’ రాదు, బహువచనమూ లేదు. ‘కాఫీ కీప్స్ మీ అవేక్’ అన్నప్పుడు మనసులో ఉన్నది ఆ పదార్థమే. కాఫీని వడ్డనగా, అంటే ఒక మనిషి ముందు పెట్టే ఒక విడతగా చూసినప్పుడు దానికి అంచులు ఏర్పడతాయి, లెక్క కుదురుతుంది. ఆర్డర్ చెప్పే చోట ఉన్నది వడ్డనే కాబట్టి ‘ఎ కాఫీ’, ‘టూ కాఫీస్’, ‘త్రీ టీస్’, ‘యాన్ ఆరెంజ్ జ్యూస్’ అక్కడ సహజంగా పలుకుతాయి. ‘టూ వాటర్స్’ కూడా రెస్టారెంట్ బల్ల దగ్గర ఎవరికీ ఎబ్బెట్టుగా వినిపించదు. అదే మాటను ఇంట్లో వంటగదిలో ‘ఐ డ్రాంక్ టూ వాటర్స్’ అని వాడితే విన్నవాళ్లు ఒక్క క్షణం ఆగి చూస్తారు, ఎందుకంటే అక్కడ వడ్డించే సందర్భం లేదు.

మరి బ్రెడ్‌కు ఈ సదుపాయం ఎందుకు లేదు? ఒక కాఫీ అంటే ఒక పాత్రలో వచ్చేదని అందరికీ ఒకే ఊహ ఉంది. ఒక బ్రెడ్ అంటే ముక్కా, పూర్తి దిమ్మా, చిన్న ఉండా, బుట్టా? వడ్డనకు ఒక స్థిరమైన రూపం లేని చోట లెక్క నిలవదు, కాబట్టి ఆ రూపాన్ని మనమే పేరు పెట్టి చెప్పాలి. ‘ఎ స్లైస్ ఆఫ్ బ్రెడ్’, ‘ఎ లోఫ్ ఆఫ్ బ్రెడ్’, ‘ఎ బాస్కెట్ ఆఫ్ బ్రెడ్’ వేరువేరు వస్తువులు. ఏదైనా ఫరవాలేదనుకుంటే ‘సమ్ బ్రెడ్’ చాలు. ‘ఎ బ్రెడ్’ అని కూడా ఆంగ్లంలో ఉంది, కాని అది రకాన్ని తెలుపుతుంది. ఫలానా ధాన్యంతో చేసిన ఒక రకపు బ్రెడ్ అని రొట్టెలు కాల్చేవాళ్లు మాట్లాడుకునేటప్పుడు వినిపిస్తుంది.

ఇక టోస్ట్ విషయంలో చాలామంది పొరబడతారు. కళ్ల ఎదుట రెండు ముక్కలు విడివిడిగా కనిపిస్తున్నా అది లెక్కించలేనిదే. ‘టూ టోస్ట్స్’ అంటే విందులో గ్లాసులు పైకెత్తి రెండుసార్లు శుభాకాంక్షలు పలకడమనే అర్థం వచ్చే ప్రమాదం ఉంది. ‘టూ స్లైసెస్ ఆఫ్ టోస్ట్’, ‘టూ పీసెస్ ఆఫ్ టోస్ట్’, లేదా ఊరికే ‘సమ్ టోస్ట్’ అనాలి.

సందేహి

తేటనుడి గారూ, చాలా స్పష్టంగా ఉంది. మరి చికెన్, కేక్, పిజ్జా వంటివి? వీటికి ‘ఎ’ పెట్టిన వాక్యాలూ విన్నాను, పెట్టనివీ విన్నాను. నేను అడిగిన ‘ది సూప్’ సంగతి కూడా మిగిలి ఉంది.

తేటనుడి

కేక్, పిజ్జా, చికెన్‌ల విషయంలో ‘ఎ’ పెడితే మొత్తం వస్తువు, తీసేస్తే అందులో కొంత భాగం. ‘ఎ కేక్’ అంటే కోయని పూర్తి కేక్. ‘సమ్ కేక్’ అన్నా ‘ఎ పీస్ ఆఫ్ కేక్’ అన్నా మన పళ్లెంలోకి వచ్చే ముక్క. ‘ఎ పిజ్జా’ అంటే మొత్తం బిళ్ల, ‘ఎ స్లైస్ ఆఫ్ పిజ్జా’ అంటే దానిలో ఒక ముక్క. ‘చికెన్’ మాంసం, ‘ఎ చికెన్’ కోడి. ‘ఐ విల్ హావ్ ఎ చికెన్’ అని ఆర్డర్ ఇస్తే తలతోకలతో సహా తెస్తారని కాదు గాని, వినేవారి మనసులో ముందుగా మెదిలేది పూర్తి కోడే. అందుకే ‘ది చికెన్’ అనో, ‘ఎ చికెన్ శాండ్‌విచ్’ అని వంటకం పేరుతోనో చెబుతారు. ఈ రెండో వాక్యంలోని ‘ఎ’ శాండ్‌విచ్‌కు చెందుతుంది, చికెన్‌కు కాదు. ఆర్టికల్ (‘ఎ’, ‘యాన్’, ‘ది’) ఎప్పుడూ చివరి నామవాచకం తరఫున నిలబడుతుందని గుర్తుంచుకుంటే ‘ఎ టొమాటో సూప్’, ‘యాన్ ఎగ్ సలాడ్’ వంటివి ఇట్టే అర్థమవుతాయి.

‘ది’ గురించి రెస్టారెంట్ పనిలో ఉన్న సభ్యులు చెబితే బాగుంటుంది.

కౌంటర్ వెనుక

రోజంతా ఆంగ్లంలో ఆర్డర్లు రాసుకునే ఉద్యోగం నాది, కనుక నాకు వినిపించేది వినిపించినట్లు రాస్తాను.

చేతిలో మెనూ పట్టుకుని కూర్చున్నవాళ్లు ఎక్కువగా ‘ది’ వాడతారు. ‘ఐ విల్ హావ్ ది సూప్’, ‘షీ విల్ హావ్ ది గ్రిల్డ్ ఫిష్’ అంటారు. మెనూలో ఆ వంటకం ఉంది, దాన్ని వాళ్లూ చూశారు, నేనూ ఎరుగుదును. ఇద్దరికీ తెలిసిన ఆ ఫలానా పంక్తినే వాళ్లు వేలితో చూపకుండా మాటతో చూపిస్తున్నారు. అందుకే మెనూలో ‘సూప్ ఆఫ్ ది డే’ అని మొదట్లో ఏ ఆర్టికల్ లేకుండా అచ్చువేసి ఉన్నా, నోటితో చెప్పేటప్పుడు ‘ది సూప్ ఆఫ్ ది డే’ అవుతుంది. మెనూలు, వంటగదికి వెళ్లే చీటీలు, తెర మీద నొక్కే బొత్తాలు ఆర్టికల్స్‌ను వదిలేస్తాయి. వాటిని చూసి మాట్లాడే భాష నేర్చుకోవడం సరికాదు.

కౌంటర్ దగ్గర వరుసలో నిలబడి చెప్పే చోట మాత్రం ‘ఎ’దే రాజ్యం. ‘కెన్ ఐ గెట్ ఎ బర్గర్ అండ్ ఎ కాఫీ’ అంటారు. అక్కడ ప్రతిదీ బోలెడన్ని ఉంటుంది, అందులో ఒకటి ఇమ్మనడమే కనుక ‘ఎ’ సరిపోతుంది. పానీయాలకు బల్ల దగ్గర కూడా ‘ఎ’యే ఎక్కువ. ఒకే మనిషి ఒకే ఊపిరిలో ‘ఐ విల్ హావ్ ది ఫిష్ అండ్ ఎ కోక్’ అనడం నేను తరచుగా వింటాను. చేప మెనూలోని ప్రత్యేక వంటకం, కోక్ ఎక్కడైనా దొరికే పానీయం.

ఆర్టికల్ తప్పితే మా పనికి పెద్దగా అంతరాయం రాదు. కొలత మాట తప్పితే మాత్రం వస్తుంది. అమెరికాలో చాలా మెనూలలో సూప్‌కు ‘కప్’, ‘బౌల్’ అని రెండు పరిమాణాలు, రెండు ధరలు ఉంటాయి. అక్కడ ‘ఎ కప్ ఆఫ్ సూప్’ అంటే చిన్నది, ‘ఎ బౌల్ ఆఫ్ సూప్’ అంటే పెద్దది. మర్యాద కోసం ‘కప్’ అన్నవారికి చిన్నదే వస్తుంది. అలాగే ‘ఎ పాట్ ఆఫ్ టీ’ అంటే కూజాతో వస్తుంది, ‘ఎ కప్ ఆఫ్ టీ’ అంటే ఒక్క కప్పే. ఇద్దరికి కూజా కావాలంటే ‘ఎ పాట్ ఆఫ్ టీ ఫర్ టూ’ అంటారు.

నిదానం

అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది గాని, ఇంత శ్రమ అవసరమా? కాఫీ అంటే కాఫీ తెస్తారు. ‘ప్లీజ్’ ఒకటి చేర్చి, వేలు చూపిస్తే పని జరిగిపోతుంది కదా.

తేటనుడి

నిదానం గారూ, వేలు చూపడానికి అడ్డేమీ లేదు. కాని ఫోన్‌లో ఆర్డర్ చెప్పేటప్పుడు వేలు కనిపించదు. ఆర్టికల్ మారితే కోరికే తలకిందులయ్యే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటి వరకైనా తెలుసుకోవడం లాభం.

‘విత్ ఎ లిటిల్ షుగర్’ అంటే కొంచెం చక్కెర వేయమని. ‘విత్ లిటిల్ షుగర్’ అంటే చక్కెర దాదాపు లేనట్లేనని. మొదటిదానిలో ఉనికి మీద ఊనిక, రెండోదానిలో లేమి మీద. ‘ఎ ఫ్యూ ఫ్రైస్’ అంటే నాలుగైదు పెట్టమని, ‘ఫ్యూ ఫ్రైస్’ అంటే మరీ తక్కువ ఉన్నాయని ఫిర్యాదు చేసినట్లు. మనలో చాలామంది ‘లెస్ షుగర్’ అంటూ ఉంటాం. దేనికంటే తక్కువ అనేది అందులో లేదు కనుక అది వినేవారికి అసంపూర్ణంగా తోస్తుంది. ‘నాట్ టూ మచ్ షుగర్’ అనో ‘జస్ట్ ఎ లిటిల్ షుగర్’ అనో చెబితే తూకం సరిపోతుంది. అసలు వద్దంటే ‘నో షుగర్’ లేదా ‘వితౌట్ షుగర్’. ఈ రెండింటి తరువాతా ఏ ఆర్టికల్ పెట్టనక్కర లేదు.

చక్కెరలోనే ఇంకొక వింత ఉంది. పదార్థంగా అది లెక్కకు లొంగదు. కాఫీలో వేసుకునేటప్పుడు మాత్రం ‘టూ షుగర్స్’ అంటారు, అంటే రెండు చెంచాలో రెండు బిళ్లలో. ముందు చెప్పిన వడ్డన సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది.

పదకోశం

ఈ చర్చకు తెలుగు వైపు నుంచి కొంత చేరుస్తాను. మన పొరపాట్లలో చాలావాటికి కారణం అజ్ఞానం కాదు, మన భాషలోని అమరిక వేరుగా ఉండడం.

మనకు నీళ్లు, పాలు బహువచనాలు. పాలు కాగాయి అంటాం, నీళ్లు వచ్చాయి అంటాం, కాగింది, వచ్చింది అనం. ఈ అలవాటుతో ఆంగ్లంలోకి వెళ్లినప్పుడు ‘ది మిల్క్ ఆర్ హాట్’ అనాలనిపిస్తుంది. అక్కడ పాలు ఏకవచన క్రియతో ‘ది మిల్క్ ఈజ్ హాట్’ అవుతుంది. అన్నం మనకూ ఏకవచనమే కనుక ‘రైస్’ దగ్గర ఈ చిక్కు లేదు. ‘నూడుల్స్’, ‘ఫ్రైస్’, ‘చిప్స్’ ఆంగ్లంలో బహువచనాలు కనుక వాటి ముందు ‘ఎ’ పెట్టడం కుదరదు. ‘సమ్ ఫ్రైస్’ అనాలి, లేదా అమెరికాలో ‘యాన్ ఆర్డర్ ఆఫ్ ఫ్రైస్’, ‘ఎ సైడ్ ఆఫ్ ఫ్రైస్’ అని, బ్రిటన్‌లో ‘ఎ పోర్షన్ ఆఫ్ చిప్స్’ అని విడత పేరు చేర్చాలి. బ్రిటన్‌లో ‘చిప్స్’ అంటే వేడిగా వేయించిన బంగాళాదుంప ముక్కలు, అమెరికాలో ‘చిప్స్’ అంటే పొట్లంలో వచ్చే పలుచని కరకరలాడే బిళ్లలు అనేది కూడా ఆర్డర్‌కు ముందు తెలిసి ఉండవలసిన విషయమే.

కొలత మాటల్లో మనకు ఒక సొంత సొత్తు ఉంది. గ్లాసెడు, గిన్నెడు, చెంచాడు, దోసెడు, గుప్పెడు అంటున్నప్పుడు చివరనున్న ‘ఎడు’ పాత్రను కొలతగా మార్చేస్తుంది. ఆంగ్లంలో ‘స్పూన్‌ఫుల్’, ‘హ్యాండ్‌ఫుల్’ అనే మాటల్లోని ‘ఫుల్’ చేసే పని ఇదే. మిగిలిన చోట్ల ఆ పని ‘ఆఫ్’ చేస్తుంది. మనం ‘గ్లాసు నీళ్లు’ అని మధ్యలో ఏ మాటా లేకుండా అనగలం కాబట్టి ‘టూ గ్లాస్ వాటర్’ అని నోరు జారుతుంది. ఆంగ్లంలో ‘ఆఫ్’ తప్పనిసరి, బహువచనం పాత్రకు వస్తుంది, పదార్థానికి రాదు. ‘టూ గ్లాసెస్ ఆఫ్ వాటర్’, ‘త్రీ కప్స్ ఆఫ్ కాఫీ’ అనాలి. రెండు గ్లాసుల నీళ్లు అన్నప్పుడు మనమూ గ్లాసునే బహువచనం చేస్తున్నాం కదా, అది తలచుకుంటే మరిచిపోము.

మాటల వరుస విషయంలో మాత్రం రెండు భాషలూ ఒక్కటే. కప్పు కాఫీ తాగుతాం, కాఫీ కప్పు కడుగుతాం. ఆంగ్లంలోనూ ‘ఎ కప్ ఆఫ్ కాఫీ’ తాగేది, ‘ఎ కాఫీ కప్’ ఖాళీ పాత్ర. ‘కుడ్ ఐ హావ్ ఎ వాటర్ గ్లాస్’ అని అడిగినవారికి ఖాళీ గ్లాసు తెచ్చిపెడితే తెచ్చినవారిని తప్పు పట్టలేము.

పాతపలక

పదకోశం గారూ, ‘ఎ’కూ ‘వన్’కూ ఉన్న సంబంధం కూడా చెప్పి ఉంటే బాగుండేది. సందేహి గారి అసలు అలవాటు అదే కదా.

పదకోశం

తప్పకుండా. పాత ఆంగ్లంలో ఒకటి అనే అర్థంలో ‘ఆన్’ అనే మాట ఉండేది. నేటి ‘వన్’, ‘యాన్’ రెండూ దాని సంతానమే. ఊనిక లేకుండా పలికిన రూపం ‘యాన్’ అయింది, హల్లు ముందు దాని ‘న’కారం రాలిపోయి ‘ఎ’ మిగిలింది. కాబట్టి ‘ఎ’లో ఒకటి అనే అర్థం ఇప్పటికీ నిద్రపోతూ ఉంది. తేడా ఊనికలోనే. ‘ఎ కాఫీ’ అన్నప్పుడు వార్త కాఫీ, ‘వన్ కాఫీ’ అన్నప్పుడు వార్త సంఖ్య. నలుగురు కూర్చుని ‘వన్ కాఫీ అండ్ త్రీ టీస్’ అంటే ఎంతో సహజం, అక్కడ లెక్క అప్పజెబుతున్నారు. ఒక్కరే కూర్చుని అన్నిటికీ ‘వన్’ చేర్చుకుంటూ పోతే, రెండు తెస్తారేమోనని భయపడుతున్నట్లు వినిపిస్తుంది. వ్యాకరణపరంగా అది తప్పు కాదు.

ఈ ‘న’కారం రాలడం, అంటుకోవడం ఒక చమత్కారం కూడా చేసింది. వంటవాళ్లు కట్టుకునే ‘ఏప్రన్’ మొదట ‘నాప్రన్’. ‘ఎ నాప్రన్’ అన్నదాన్ని జనం ‘యాన్ ఏప్రన్’ అని విడదీసి విన్నారు, ‘న’కారం ఆర్టికల్‌కు వెళ్లిపోయింది. బల్ల మీది ‘నాప్‌కిన్’ దాని చుట్టమే, అది మాత్రం తన ‘న’ను పోగొట్టుకోలేదు.

చెవిపోగు

‘ఎ’, ‘యాన్’ ప్రస్తావన వచ్చింది కనుక నా చిన్న చేర్పు. ఎంపిక రాతను బట్టి కాదు, శబ్దాన్ని బట్టి జరుగుతుంది. ‘యాన్ ఆమ్లెట్’ సరే, కాని ‘ఎ వన్-ఎగ్ ఆమ్లెట్’. ‘వన్’ రాతలో అచ్చు అక్షరంతో మొదలైనా పలుకులో ‘వ’తో మొదలవుతుంది. పిజ్జా పరిమాణం చెప్పేటప్పుడు అంకెను కూడా పలికి చూసుకోవాలి. 8 అంగుళాలదైతే ‘యాన్’, 10 అంగుళాలదైతే ‘ఎ’, 11 అంగుళాలదైతే మళ్లీ ‘యాన్’. ‘హెర్బల్ టీ’ దగ్గర రెండు దేశాలు విడిపోతాయి. బ్రిటన్‌లో ‘హ’ పలుకుతారు కనుక ‘ఎ హెర్బల్ టీ’, అమెరికాలో ఎక్కువమంది ‘హ’ను మింగేసి ‘అర్బల్’ అంటారు కనుక ‘యాన్’. ఏది ఎంచుకున్నా ఉచ్చారణకూ ఆర్టికల్‌కూ పొత్తు కుదరాలి.

మామూలు మాటల్లో ‘ఎ’ను అక్షరం పేరులా ‘ఏ’ అని గట్టిగా పలకరు. అది దాదాపు ‘అ’ అన్నంత తేలికగా వినిపిస్తుంది. ‘కప్ ఆఫ్’ కూడా కలిసిపోయి ‘కప్పవ్’ అవుతుంది. బ్రిటన్‌లో టీని చనువుగా ‘కప్పా’ అని పిలవడం ఇందులో నుంచే వచ్చింది. మనం ప్రతి మాటనూ విడదీసి ఒత్తి పలికితే వ్యాకరణం సరిగ్గా ఉన్నా ఆర్డర్ ఒప్పజెప్పిన పాఠంలా ఉంటుంది.

నిదానం

సరే, ఒప్పుకున్నాను, ఇందులో విషయం ఉంది. అయితే ఒక సందేహం. సగం కావాలంటే ఎలా అడగాలి? ‘హాఫ్ గ్లాస్ మిల్క్’ అని చాలాచోట్ల విన్నాను.

తేటనుడి

‘హాఫ్ ఎ గ్లాస్ ఆఫ్ మిల్క్’ అనాలి. ‘హాఫ్’ తరువాత ‘ఎ’ రావడం మనకు వింతగా తోచినా ఆంగ్లంలో అదే వరుస. ‘హాఫ్ ఎ శాండ్‌విచ్’, ‘హాఫ్ యాన్ ఆరెంజ్’ కూడా అంతే. ఒకరికి వడ్డించే దానిలో సగం పరిమాణాన్ని ప్రత్యేకంగా అమ్మే చోట మాత్రం ‘ఎ హాఫ్ పోర్షన్’ అంటారు, అక్కడ ‘హాఫ్’ విశేషణంగా మారింది. డజను దగ్గర ‘ఆఫ్’ మాయమవుతుంది, ‘ఎ డజన్ ఎగ్స్’ అనాలి. ‘ఎ కపుల్ ఆఫ్ ఎగ్స్’లో మాత్రం ఉంటుంది. దీనికి నియమం వెతకడం కంటే నాలుకకు అలవాటు చేయడం సులువు.

పాత్ర పేరు పరిమాణాన్ని ఖచ్చితంగా చెబుతుందని కూడా అనుకోకూడదు. వంట పుస్తకంలో ‘కప్’ ఒక కొలత, అమెరికాలో సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250. రెస్టారెంట్‌లో అది ఆ చోట ఉన్న పాత్ర మాత్రమే. ‘పింట్’ బ్రిటన్‌లో సుమారు 568 మిల్లీలీటర్లు, అమెరికాలో సుమారు 473. ఆర్డర్‌లో పరిమాణం ముఖ్యమైతే ‘ఎ స్మాల్ కాఫీ’, ‘టూ లార్జ్ కాఫీస్’ అని విశేషణంతో చెప్పడమే మేలు. అప్పుడు ‘కప్ ఆఫ్’ అక్కర లేదు. ‘ఎ లార్జ్ కప్ ఆఫ్ కాఫీ’ అంటే తప్పు కాదు గాని కౌంటర్ దగ్గర ఎవరూ అంత పొడవుగా చెప్పరు.

పాతపలక

మాట్లాడే చోట మీ వాదన బాగానే ఉంది. రాతలో ఆర్డర్ ఇచ్చేటప్పుడు మాత్రం నేను కొలత మాటను వదలను. 50 మంది హాజరయ్యే సమావేశానికి ‘50 కాఫీస్’ అని లేఖ రాస్తే 50 విడివిడి కప్పులు రావచ్చు, లేదా 50 మందికి సరిపడే కాఫీ ఒక పెద్ద పాత్రలో రావచ్చు. ‘కాఫీ ఫర్ 50 పీపుల్’ అన్నా రెండో అర్థమే బలంగా ఉంటుంది. ‘50 కప్స్ ఆఫ్ కాఫీ, సర్వ్‌డ్ ఇండివిడ్యువల్లీ’ అని రాస్తే తగాదా లేదు. వినేవారు తిరిగి అడగగలిగే చోట మాటను పొదుపు చేయవచ్చు. అడగలేని చోట పాత్ర పేరు రాసి తీరాలి.

కౌంటర్ వెనుక

పాతపలక గారు చెప్పింది అక్షరాలా నిజం. రాతలో వచ్చిన పెద్ద ఆర్డర్లలో మేము మళ్లీ ఫోన్ చేసి కనుక్కునేది సాధారణంగా ఇదే. ‘టెన్ శాండ్‌విచెస్’ అని ఉంటుంది. పది పూర్తివా, కోసిన పది సగాలా? ‘కేక్ ఫర్ ది టేబుల్’ అని ఉంటుంది. మొత్తం కేకా, తలా ఒక ముక్కా? ఒక్క ‘ఎ’ గాని, ఒక్క ‘స్లైసెస్ ఆఫ్’ గాని అక్కడ ఉంటే ఆ ఫోన్ అవసరం ఉండదు.

సందేహి

అందరికీ ధన్యవాదాలు. మిగిలినవి రెండే. పక్కవారు చెప్పిందే నాకూ కావాలంటే ‘సేమ్’ అంటున్నాను, అది సరైనదేనా? చివరలో బిల్లు అడిగేటప్పుడు ‘ఎ బిల్’ అనాలా, ‘ది బిల్’ అనాలా?

కౌంటర్ వెనుక

‘ఐ విల్ హావ్ ది సేమ్’ అనండి. పూర్తి వాక్యంలో ‘సేమ్’ ముందు ‘ది’ ఉండాలి. చనువుగా ‘సేమ్ ఫర్ మీ’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు, అది చెల్లుతుంది. తాగిందే మళ్లీ కావాలంటే ‘అనదర్ కాఫీ, ప్లీజ్’. ‘అనదర్’లో ‘యాన్’ ముందే కలిసిపోయి ఉంది కనుక దాని ముందు మరో ఆర్టికల్ రాదు. ‘వన్ మోర్ కాఫీ’ కూడా అంతే సహజం, అక్కడ మీ ‘వన్’ హాయిగా నిలబడుతుంది. బల్లకు ఒకటే లెక్క ఉంటుంది, అది ఏదో ఇద్దరికీ తెలుసు. కాబట్టి ‘కుడ్ వీ హావ్ ది బిల్, ప్లీజ్’. అమెరికాలో ‘బిల్’ స్థానంలో ‘చెక్’ వస్తుంది, ‘ది’ అక్కడే ఉంటుంది. మెనూ అడిగేటప్పుడు ‘ది మెనూ’, ‘ఎ మెనూ’ రెండూ వింటాను, ఎందుకంటే ఒకే మెనూకు ప్రతులు చాలా ఉంటాయి.

చెవిపోగు

బల్ల మీద సరంజామా అడిగేటప్పుడు జతలకు ఒక్క ఆర్టికలే చాలు. ‘ఎ నైఫ్ అండ్ ఫోర్క్’, ‘ఎ కప్ అండ్ సాసర్’ అంటారు. విడివిడి వంటకాలకు మాత్రం ‘ఎ కాఫీ అండ్ ఎ శాండ్‌విచ్’ అని రెండుసార్లు చెప్పాలి. ‘బ్రెడ్ అండ్ బటర్’, ‘టీ అండ్ టోస్ట్’ వంటి కలిసిపోయిన జంటలకు అసలు ఏదీ అక్కర లేదు.

సందేహి

అయితే నా మొదటి ఆర్డర్‌ను ఇలా సవరించుకుంటున్నాను: ‘కుడ్ ఐ హావ్ ది సూప్, సమ్ బ్రెడ్ అండ్ ఎ కాఫీ, ప్లీజ్.’ సరిపోయిందా?

పాతపలక

సరిపోయింది. సూప్‌కు రెండు పరిమాణాలు ఉన్న మెనూ అయితే ‘ది సూప్’ తరువాత ‘ఎ బౌల్’ అనో ‘ఎ కప్’ అనో చేర్చండి, లేకపోతే వాళ్లే అడుగుతారు.